ముప్పావుగంట

సెప్టెంబరు 4

బాడిసగారికి,

పేరు పెట్టి పిలిస్తే మీ అక్క ఊరుకోదు. బావమరిదీ అని రాస్తే నువ్వు నెత్తికెక్కుతావు. అందుకని నీ చేతిలో ఎప్పుడూ ఉండే, చెక్క చెక్కే పనిముట్టు పేరుతోనే పిలుస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఇక్కడంతా మామూలే. సాయంత్రం ఆరింటికి జనరేటరు వేస్తాను, పదకొండింటికి ఆపుతాను. ఈ దీవిలో నలభై ఇళ్ళకీ వెలుతురిచ్చేదీ తీసేదీ నేనే కాబట్టి ఆరు దాటి రెండు నిమిషాలైతే చాలు, అందరికీ నా వంశం గుర్తొస్తుంది. మొన్న మేష్టారు మెట్టు చూసుకోక జారిపడి, నా వల్లే పడ్డానని ఊరంతా చెప్పాడు. అప్పటికి పట్టపగలు నాలుగయింది.

అసలు విషయానికొస్తాను. మన పడవలో ఉన్న పది గుర్రాల ఇంజను తీసేసి నలభై గుర్రాలది పెట్టాలనుకుంటున్నాను. పట్నం రేవులో నీ దగ్గర పని నేర్చుకున్న ఫిట్టరున్నాడే, అతని దగ్గర పాత లారీ ఇంజనొకటి ఉంది. మోగించి చూశాను, గుండె నిబ్బరంగా ఉంది. పడవ మీ నాన్నా నువ్వూ కట్టినదే కాబట్టి అడుగున దూలం మందం, లోపలి అడ్డకట్టెల కొలతలు నీ దగ్గరుంటాయి. రాసి పంపు. కొత్త ఇంజను కూర్చోడానికి దిమ్మలు ఎంతవి వెయ్యాలో కూడా చెప్పు.

ఎందుకంటావా? నిన్నగాక మొన్న పడవ కొన్నవాళ్ళు నన్ను దాటిపోతూ చేతులూపుతున్నారు. పట్నానికి రెండున్నర గంటలు పడుతోంది. పది గుర్రాలకి రెండున్నర గంటలైతే నలభై గుర్రాలకి గంట సరిపోవాలి. ముప్పై ఏళ్ళుగా ఇంజన్లతో కాపురం చేస్తున్నవాణ్ణి, ఆ మాత్రం లెక్క తెలుసు.

మీ అక్క బాగుంది. రాయమంటే బద్ధకిస్తోంది.

నీ బావ

*

సెప్టెంబరు 14

బావా,

ఉత్తరం అందింది. ఇక్కడ ఓడలు కట్టే మా రేవులో నలుగురికీ చదివి వినిపించాను. పని ఆపి మరీ నవ్వారు.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టుంది నీ సంగతి. ఇరవై రెండేళ్ళ పడవకి లారీ ఇంజనా? నీ జనరేటరు నేలమీద బోల్టులేసి కూర్చున్న ఇంజను. దానికి ఎంత బలం ఉంటే అంత కరెంటు. నీటి మీద ఆ లెక్క చెల్లదు. నెమ్మదిగా చదువు, అర్థంకాకపోతే అక్కతో చదివించుకో.

పడవ కదిలితే ముందొక అల, వెనకొక అల లేస్తాయి. వేగం పెరిగినకొద్దీ ఆ రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది. ఎడం పడవ పొడవంత అయ్యాక, పడవ తను లేపిన అలని తనే ఎక్కాలి. మన పడవది గుండ్రటి అడుగు, బరువైన ఒళ్ళు. ఎక్కలేదు. వెనకభాగం గుంటలో కూరుకుపోతుంది, ముక్కు పైకి లేస్తుంది. నువ్వు ఇంకా ఇంధనం పోస్తావు, అది ఇంకా పెద్ద గుంట తవ్వుకుంటుంది. నలభై కాదు, నాలుగు వందల గుర్రాలు కట్టినా అంతే. నాన్న దాన్ని పది గుర్రాలకే కట్టాడు. నిదానంగా, నిక్షేపంగా వెళ్ళు.

ఇంతకీ నీకు తొందరెందుకు? మా రేవుకొచ్చిన లాంచీ సరంగు ఒక కబురు చెప్పాడు. వారానికి మూడుసార్లు నువ్వు పట్నం రేవులో కనిపిస్తున్నావట. ఇస్త్రీ చొక్కాతో. పనేమిటని అడిగితే మాట తప్పించావట. ఏం బావా, ఈ వయసులో చిన్నిల్లు గాని పెట్టావా? సరదాకే అంటున్నాను. నువ్వు కూడా సరదాగానే జవాబు రాయి.

అక్కకి రెండు నెలల్లో నేను రాసినవి మూడు ఉత్తరాలు. ఒక్కదానికీ జవాబు లేదు. బద్ధకమనే మాట మా అక్క ఒంటికి అతకదు.

బాడిస

*

సెప్టెంబరు 25

బావమరిదికి,

నేను అడిగింది కొలతలు. నువ్వు పంపింది పాఠం.

పట్నంలో నా పనులు నాకుంటాయి. వాటికి సరంగు సాక్ష్యం అవసరం లేదు. పడవ నాది. దాన్ని ఎంత వేగంగా నడపాలో నా ఇష్టం. కొలతలు పంపితే పంపు, లేకపోతే ఫిట్టరు టేపు పెట్టి చూసుకుంటాడు. వచ్చేవారం పని మొదలుపెడతానన్నాడు.

మీ అక్క కింద ఒక ముక్క రాస్తానంది.

నీ బావ

తమ్ముడూ, నేను బాగానే ఉన్నాను. బావ అడిగింది పంపు. గొడవ పడకండి. — అక్క

*

అక్టోబరు 6

బావగారికి,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నారు. సరదాకి అడిగినదానికి అంత కోపమెందుకు వచ్చింది?

అక్క రాత నాకు తెలుసు. చిన్నప్పుడు నా చేత అక్షరాలు దిద్దించింది ఆ చెయ్యే. మీరు పంపిన కాగితం మీద అక్షరాలు వణుకుతున్నాయి, వరస కిందికి జారిపోయింది. ఏడుస్తూ రాసిందో, పక్కన ఎవరైనా నిలబడి రాయించారో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం అర్థమయింది. మీరు పట్నానికి గంటలో వెళ్ళి రావాలనుకుంటున్నారు, అక్కడ ఎక్కువసేపు గడపాలనుకుంటున్నారు. ఎవరితోనన్నదే నేను అడుగుతున్నాను.

ఫిట్టరుకి ఉత్తరం రాశాను. ఆ పడవ మీద చెయ్యి వేస్తే నాకు శిష్యుడు కాదని చెప్పాను. అతను నా మాట దాటడు. మా నాన్న చేతి పడవని మీ షికార్లకి ఇవ్వను.

ఓడ పని ఒక కొలిక్కి రాగానే నేనే వచ్చి అక్కని అడుగుతాను. అప్పటిదాకా ఆమెని ఏమీ అనకండి.

ఇట్లు,
మీ భార్య తమ్ముడు

*

అక్టోబరు 17

తమ్ముడూ,

ఈ ఉత్తరం మీ అక్కకి తెలియకుండా రాస్తున్నాను. నీకు చెప్పనని ఆమెకి మాటిచ్చాను. ఇవాళ తప్పుతున్నాను.

మీ అక్కకి కిడ్నీలు రెండూ పాడైపోయాయి. జూన్‌లో తెలిసింది. వారానికి మూడుసార్లు పట్నం ఆసుపత్రిలో డయాలసిస్ చేయిస్తున్నాను. ఇస్త్రీ చొక్కా ఎందుకంటావా, మాసిన చొక్కాతో వెళ్తే అక్కడి గుమాస్తా నన్ను బయట వరండాలోనే నిలబెడతాడు. ఎడమచేతిలో లావుపాటి సూదులు రెండు గుచ్చుతారు. మీ అక్కది ఎడమచేతి వాటమని నీకు తెలుసు. కుడిచేతిలో నరం దొరకలేదన్నారు. ఇప్పుడు కుడిచేత్తో రాయడం నేర్చుకుంటోంది. ఆ రెండు ముక్కలు రాయడానికి ఆమెకి పావుగంట పట్టింది. పక్కన నేనే నిలబడ్డాను, నిజమే. సిరాబుడ్డి పట్టుకోడానికి.

నీకెందుకు చెప్పలేదంటే, మీ నాన్న మంచాన పడ్డప్పుడు నువ్వు చేతిలో పని వదిలేసి వచ్చావు. తరవాత ఏడాదిపాటు ఏ రేవూ నిన్ను చేర్చుకోలేదు. "వాడికి తెలిస్తే ఓడని సగంలో వదిలేసి వస్తాడు, వాడి బతుకు నా మూలంగా పాడవకూడదు" అంది.

ఆసుపత్రిలో మాకిచ్చిన వేళ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు. పొద్దుటి వేళ పట్నంవాళ్ళతో నిండిపోయింది. నాలుగింటిదాకా ఉంటే దీవికి చేరేసరికి ఆరున్నర. అప్పటికి చీకటి. దీవి ముందు ఇసుక మేట ఉందిగా, దాని మధ్య సందులోంచి చీకట్లో ఎవరూ రాలేరు. అందుకని మూడుంపావుకే సూదులు తీయించేస్తున్నాను. ప్రతిసారీ ముప్పావుగంట తక్కువ. ఒంట్లోంచి పోవలసిన నీళ్ళు పోవడం లేదు. కాళ్ళు వాచాయి, పడుకుంటే ఆయాసం. ముప్పావుగంట దొరికితే మనిషి నిలబడుతుందని డాక్టరమ్మ చెప్పింది. "ఇదేం లెక్కండీ, రోజుకి ఇరవై నాలుగు గంటలుంటే మీకు ముప్పావుగంట దొరకడం లేదా?" అని అడిగింది.

పట్నంలో గది తీసుకోవచ్చుగా అంటావు. సాయంత్రం ఆరింటికి నేను ఇక్కడ ఉండాలి. మందుల శీతలపెట్టె, మంచినీళ్ళ పంపు, అన్నీ ఆ జనరేటరు మీదే ఉన్నాయి. ఒకసారి పక్కింటాయనకి అప్పగిస్తే ఆయన నూనె చూసుకోకుండా నడిపి పిస్టన్ పట్టేయించాడు. మళ్ళీ అలా చేస్తే ఉద్యోగం పోతుందని కాగితమిచ్చారు. ఉద్యోగంతో పాటే, ఆసుపత్రిలో డబ్బు కట్టక్కర్లేకుండా ఇచ్చిన చీటీ కూడా పోతుంది. మీ అక్కని ఒక్కదాన్నే ఉంచుదామంటే, రెండు రోజులు ఉండి వచ్చేసింది. "ఆ గదిలో గోడలు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేను" అంది.

నీ ఉత్తరం అందాక ఫిట్టరు ఇంజను మీద గోనెపట్టా కప్పేశాడు. కాళ్ళావేళ్ళా పడ్డాను. "గురువుగారి మాట" అన్నాడు. నీ జవాబు వచ్చేసరికి మూడు వారాలు పోతాయి. మూడు వారాలంటే తొమ్మిది ముప్పావుగంటలు. నిన్ను తప్పు పట్టడం లేదు. నా నోరే నాకు శత్రువైంది.

పోయిన బుధవారం ఆలస్యమై మేట మీద పడవ ఆగిపోయింది. మోకాలిలోతు నీళ్ళలో దిగి తోశాను. మీ అక్క తనూ దిగుతానంటుంది. ఆ వాచిన కాళ్ళతో.

బావ

*

అక్టోబరు 28

బావా,

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. ఆ మాట రాయడానికి కూడా నాకు అర్హత లేదు. నీ గురించి నేను రాసినవన్నీ చించెయ్యి. అక్క కంట పడనీకు. ఇప్పటికే చదివి ఉంటే నా తరఫున నువ్వే ఆమె కాళ్ళు పట్టుకో.

ఫిట్టరుకి వేరే ఉత్తరం రాశాను. దీనితో పాటే అందుతుంది. సరంగు చేత రెండు టేకు దిమ్మలు, కొత్త ఇరుసు, నీళ్ళలో తిరిగే పెద్ద పంఖా పంపుతున్నాను. దిమ్మలు రాత్రికి రాత్రే నా చేతులతోనే చెక్కాను, మిగతా రెండూ మా రేవులోంచే తెచ్చాను. పంఖాకీ పడవ అడుగుకీ మధ్య నాలుగువేళ్ళ సందు ఉండాలి. దిమ్మల్ని కేవలం పలకకి బిగించొద్దు, నాలుగు అడ్డకట్టెల మీదుగా పోనివ్వండి. అన్నీ బొమ్మ గీసి పెట్టాను.

ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళాను. అక్కని తెచ్చుకుంటానన్నాను. డయాలసిస్‌కి పేరు రాసుకుంటే ఎనిమిది నెలల తరవాత పిలుస్తారట. చీటీలు రాసే అమ్మాయి మళ్ళీ మళ్ళీ "సారీ అండీ" అంటూనే ఉంది. ఎనిమిది నెలల తరవాతి తేదీకి చీటీ ఇచ్చింది. పెట్టెలో దాచాను.

ఇంజను పెడితే ఎంత కలిసొస్తుందని నువ్వు అడగలేదు. అడిగినట్టే లెక్క. నేను గీసినట్టు బిగిస్తే ముప్పావుగంట కలిసొస్తుంది. మొదటి ఉత్తరంలో రాసింది మిడిమిడి పాండిత్యం, పట్టించుకోకు. ముప్పావుగంట తప్పకుండా కలిసొస్తుంది.

నీ బాడిస

*

నవంబరు 24

తమ్ముడూ,

ఇంజను బిగించాం. నీ దిమ్మలు అతికినట్టు సరిపోయాయి. ఫిట్టరు మూడు రోజులు పడవలోనే ఉండి పనిచేశాడు. నా మొహం చూడలేక తలవంచుకునే చేశాడు.

మొదట నేనొక్కణ్ణే తిప్పి చూశాను. సగం దాకా తిప్పితే హాయిగా వెళ్ళింది. పూర్తిగా తిప్పేసరికి నువ్వు మొదట రాసిందంతా కళ్ళముందు జరిగింది. ముక్కు లేచింది, వెనకభాగం కూర్చుంది, నా వీపు వెనక నీళ్ళు గోడలా నిలబడ్డాయి. ఎంత తిప్పినా ఇక కదలదు. రేవుకి చేరి గడియారం చూశాను. ఇరవై రెండు నిమిషాలు కలిసొచ్చాయి.

పోనీ ఇరవై రెండైనా దక్కాయి కదా అనుకున్నాను. సోమవారం మీ అక్కని ఎక్కించాను. వెళ్ళేటప్పుడు పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది. వచ్చేటప్పుడు ఆ అదురుకి సూదులు తీసిన చోట కట్టు తడిసిపోయింది. రక్తం మోచేతి దాకా కారింది. దానికి తోడు వాంతులు. నేను ఇంజను తగ్గించాను. ఇంకొంచెం తగ్గించాను. చివరికి పాత ఇంజను ఎంత వేగంతో వెళ్ళేదో అక్కడికొచ్చాక రక్తం ఆగింది. అప్పట్నుంచీ అలాగే నడుపుతున్నాను. నలభై గుర్రాల్ని పది గుర్రాల్లా తోలుతున్నాను. మూడుంపావుకే సూదులు తీయిస్తున్నాను. ఇప్పుడు పొద్దు ఇంకా తగ్గింది కాబట్టి ఒక్కోరోజు మూడింటికే తీయిస్తున్నాను.

నీకు అన్నీ తెలిసిపోయాయని మీ అక్కకి చెప్పేశాను. నన్ను కోప్పడలేదు. పడవ సంగతి చెబితే నవ్వింది. "వాడికి ముందే తెలిసుంటుందండీ. నాన్న వాణ్ణి ఆ అల లెక్క తప్పు చెప్పినందుకే కదా ఒకసారి తన్నింది" అంది. నిజమేనా?

నిజమైతే ఆ ముప్పావుగంట ఎందుకు రాశావు?

బావ

*

డిసెంబరు 5

బావా,

నిజమే. ఇరవై నిమిషాలకి మించదని నాకు తెలుసు. ఇరవై అని రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు ఆ ఉత్తరం చదివాక ఒక్క రోజైనా నిద్రపోతావనుకున్నాను.

ఇప్పుడు రాస్తున్నది మాత్రం అబద్ధం కాదు. కొత్త పడవ కడుతున్నాను. ముప్పై అడుగుల పొడవు, సన్నం, పలచటి చెక్క. అడుగు గుండ్రంగా కాదు, బల్లపరుపుగా. అల ఎక్కగలదు. ఆ లారీ ఇంజను దీనికైతే అచ్చంగా సరిపోతుంది. గంటా పది నిమిషాల్లో పట్నం. పైగా ఇంజను కింద రబ్బరు దిమ్మలు వేస్తాను, అదురు అక్క దాకా రాదు. మా రేవు మేస్త్రీ చెక్క ఇచ్చాడు. ఓడ పని అయ్యాక దీని మీద కూర్చుంటున్నాను. అడుగు దూలం వేసేశాను. ఫిబ్రవరి మొదటి వారానికి నీళ్ళలో ఉంటుంది.

అక్కని చూడ్డానికి వచ్చేద్దామని రెండుసార్లు సంచి సర్దాను. రెండుసార్లూ విప్పేశాను. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే అక్కకి ఏం ఒరుగుతుంది? పడవ అయితే ఒరుగుతుంది. నాకొచ్చింది ఆ పనొక్కటే. ఫిబ్రవరి దాకా ఎలాగోలా నెట్టుకురా, బావా. నీకు పుణ్యముంటుంది.

నీ సలహా ఒకటి కావాలి. అక్క కూర్చుని వస్తుందా, పడుకుని వస్తుందా? పడుకునేటట్టయితే మధ్యలో బల్ల ఆరడుగులు వెయ్యాలి. తొందరగా రాయి, వచ్చేవారం అడ్డకట్టెలు బిగిస్తాను.

బాడిస

*

డిసెంబరు 16

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మీ అక్కకి చదివి వినిపించాను. ముప్పై అడుగులంటే నమ్మలేదు, రెండోసారి చదివించుకుంది. "అంత పొడుగు దాన్ని ఈ రేవులో ఎక్కడ కడతారండీ, మేష్టారి గుమ్మానికా?" అంది. బాగా నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది.

పోయిన శుక్రవారం ఆసుపత్రి రోజు. ఇంజను వేసి, బల్ల మీద దుప్పటి మడతపెట్టి, తీసుకెళ్ళడానికి ఇంట్లోకి వచ్చాను. మంచం మీద కూర్చునే ఉంది. చెప్పులు వేసుకోలేదు. "ఇవాళ వద్దండీ" అంది. తప్పదన్నాను. "పోనూ రానూ అయిదు గంటలు పడవలో, అక్కడ మూడు గంటలు సూదుల కింద. వచ్చాక ఒక రోజంతా పడుకునే ఉంటాను. లేచేసరికి మళ్ళీ పడవ. నేను బతుకుతున్నది ఎప్పుడు చెప్పండి?" అని అడిగింది. అరిచాను. ఏడ్చాను కూడా. తను మాత్రం గొంతు పెంచలేదు. బయట ఇంజను ఊరికే మోగుతూనే ఉంది. చివరికి వెళ్ళి ఆపేసి వచ్చాను.

మర్నాడు నేనొక్కణ్ణే పట్నం వెళ్ళాను. మనిషి లేని పడవ కదా, ఇంజను పూర్తిగా తిప్పాను. డాక్టరమ్మ పాత చీటీలన్నీ మళ్ళీ తిరగేసింది. తరవాత ఆయాసానికీ నొప్పికీ మందులు రాసిచ్చింది. డయాలసిస్ ఆపేస్తే వారం, మహా అయితే పది రోజులంది. మందుల షాపు పక్కనే తంతి ఆఫీసు. దాని మెట్ల మీద నిలబడ్డాను. నీకు తంతి ఇస్తే మర్నాటికి అందుతుంది, ఆ వెంటనే బయల్దేరితే మూడో రోజుకి నువ్విక్కడ ఉంటావు. లెక్కంతా వేసుకున్నాను.

ఇవ్వలేదు. బయల్దేరేముందు మీ అక్క అడిగింది. "వాడికి తంతి ఇవ్వకండి. వాడొస్తే నన్ను భుజాన వేసుకుని పడవెక్కిస్తాడు. మీరైతే నా మాట వింటారు. ఉత్తరం రాయండి" అంది. ఉత్తరానికి పది రోజులు పడుతుందని ఆమెకి తెలుసు. నాకూ తెలుసు. తెలిసే రాస్తున్నాను. నువ్వు నా మీద ఎంత కోపం తెచ్చుకున్నా అది న్యాయమే. నీకు దక్కాల్సిన కడచూపు నేనే దక్కకుండా చేశాను. క్షమించమని అడగను.

పడవ కట్టడం ఆపొద్దని చెప్పమంది. ఎవరికో ఒకరికి పనికొస్తుందట. బల్ల ఎంత వెయ్యాలని అడిగావు. నాకు తెలియదు, తమ్ముడూ.

ఇప్పుడు నిద్రపోతోంది. పోస్టు లాంచీ వచ్చే వేళయింది, ఇంతటితో ఆపుతున్నాను. లేచాక జుట్టు చిక్కు తియ్యమంది. ఎడమచెయ్యి లేవడం లేదు కదా, కుడిచేత్తో తనకి రాదు.

బావ